అవధానం, సృజన, మనసు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం పూట కొంతమంది పిల్లలకు ఛందస్సు చెబుతుంటాను. దగ్గర్లో ఎక్కడైనా అవధానం జరిగితే అందరం కలిసి వెళ్తాం. తిరిగి వచ్చేటప్పుడు పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ అడిగే ప్రశ్నలు దాదాపు ప్రతిసారీ ఇవే. పద్యం గురించి మొదలై చివరికి మనసు ఎలా పనిచేస్తుందన్న చోటికి వచ్చి ఆగుతాయి. నాకు తెలిసినంతలో జవాబులు రాసి పెడుతున్నాను.

అష్టావధానంలో అసలు జరిగేదేమిటి?

వేదిక మీద ఒక అవధాని, ఎదురుగా ఎనిమిది మంది పృచ్ఛకులు (ప్రశ్నలు అడిగేవాళ్లు) ఉంటారు. నలుగురు పద్యాలు అడుగుతారు. ఒకరు అక్షరాలను నిషేధిస్తూ పోతారు (నిషిద్ధాక్షరి). ఒకరు అర్థం పొసగని చివరి పాదం ఇచ్చి మిగతా మూడూ పూరించమంటారు (సమస్య). ఒకరు నాలుగు మాటలిచ్చి వాటిని పద్యంలో ఇమడ్చమంటారు (దత్తపది). ఒకరు ఫలానా దృశ్యాన్ని ఫలానా వృత్తంలో (పద్య రకంలో) వర్ణించమంటారు. ఇవి కాక ఆశువు (అడిగిన వెంటనే పద్యం చెప్పడం), వ్యస్తాక్షరి (వరుస తప్పించి ఇచ్చిన అక్షరాలను కూర్చి చెప్పడం), ఘంటాగణనం (మోగిన గంటలు లెక్కపెట్టడం), అప్రస్తుత ప్రసంగం (సంబంధం లేని మాటలతో అడ్డు తగలడం) ఉంటాయి. ఊరిని బట్టి, అవధానిని బట్టి వీటిలో ఒకటి రెండు మారుతుంటాయి. కొన్ని సభల్లో పురాణ పఠనం ఉంటుంది, కొన్నింట్లో చదరంగం.

అసలు కష్టం వరుసలో ఉంది. అవధాని ఒక పద్యం పూర్తి చేసి రెండోదానికి వెళ్లరు. మొదటి ఆవృత్తిలో ఒక్కొక్కరికి ఒక్క పాదం చెబుతారు, రెండో ఆవృత్తిలో రెండో పాదం. అలా నాలుగు సార్లు తిరగాలి. మధ్యలో గంటలు మోగుతుంటాయి, అప్రస్తుత ప్రసంగి అడ్డు తగులుతుంటారు. అన్నీ అయ్యాక కాగితం చూడకుండా పద్యాలన్నీ మొదటి నుంచి చివరిదాకా అప్పజెప్పాలి. దానిపేరే ధారణ.

అయితే ఇది జ్ఞాపకశక్తి ప్రదర్శనే కదా?

కాదు. జ్ఞాపకశక్తినే ప్రధానంగా చూపే అవధానం వేరే ఉంది. గుజరాత్‌కు చెందిన జైన తత్త్వవేత్త శ్రీమద్ రాజ్‌చంద్ర 19వ శతాబ్దం చివర్లో ముంబైలో శతావధానం (వంద అంశాల అవధానం) చేశారు. గాంధీజీ తన ఆత్మకథలో ఆయన గురించి రాశారు. తనకు తెలిసిన యూరప్ భాషల మాటలన్నీ చదివి వినిపిస్తే, ఆయన వాటిని అదే వరుసలో తిరిగి చెప్పారట. అది ఇతరులు ఇచ్చినదాన్ని మనసులో నిలుపుకోవడం.

తెలుగు అవధాని నిలుపుకునేది తను అప్పుడే పుట్టించినదాన్ని. తేడా చిన్నదిగా కనిపించినా నాకు మాత్రం ఇదే కీలకం. 1978లో నార్మన్ స్లమెకా, పీటర్ గ్రాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కొన్ని ప్రయోగాలు చేసి చూపించారు: చదివిన మాటకన్నా సూచన పట్టుకుని మనమే తయారు చేసుకున్న మాట బాగా గుర్తుంటుంది. కూరలో ఉప్పెంత పడిందో తిన్నవాళ్లకన్నా వండినవాళ్లకు బాగా గుర్తుండదూ? పద్యం కట్టేటప్పుడు అవధాని ఒక్కో మాటకు బదులు మూడు నాలుగు మాటలు ఆలోచించి వదిలేస్తారు. యతి (పాదం మొదటి అక్షరానికి, మధ్యలో ఒక నిర్ణీత అక్షరానికి ఉండాల్సిన పొందిక) కుదరక ఒకటి, గణం (గురువులు, లఘువుల గుంపు) చాలక ఒకటి పక్కకు పోతాయి. ఆ పాదం ఎందుకలా కుదిరిందో ఆయనకు తెలుసు కాబట్టే గుర్తుంటుంది. ధారణలో ఆయన చేసేది తన దారిని మళ్లీ నడవడమే.

ఒకేసారి ఎనిమిది పనులు చేస్తున్నారంటే మల్టీటాస్కింగే కదా?

అందరూ ఇలాగే అనుకుంటారు. ఈసారి సభకు వెళ్తే అవధాని ముఖం గమనించండి. దత్తపది పృచ్ఛకుడి వైపు తిరిగాక మిగతా ఏడుగురూ అక్కడ లేనట్టే ఉంటారు. ఒక్క నిమిషమైనా సరే, ఆ నిమిషం మొత్తం ఆ ఒక్క పాదానిదే. పాదం చెప్పేశాక దాన్ని వదిలేసి పక్కవారి వైపు పూర్తిగా తిరుగుతారు.

మనం ఫోన్ చూస్తూ అన్నం తింటూ టీవీ వింటున్నప్పుడు జరిగేది ఇది కాదు. అక్కడ ఏ పనీ పూర్తిగా మొదలవదు, పూర్తిగా ఆగదు. అవధానంలో ప్రతి ముక్కకూ స్పష్టమైన మొదలు, స్పష్టమైన ఆగే చోటు ఉన్నాయి. ఆ చోటే పాదం చివర. పాదం పూర్తయితే మనసు దాన్ని మడిచి పెట్టుకోగలదు. సగం పాదంలో లేపితే పెద్ద అవధానులు కూడా తడబడటం చూశాను.

మరి అన్ని పాదాలు బుర్రలో ఎక్కడ పడతాయి?

1956లో మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ ఒక ప్రసిద్ధ వ్యాసంలో, మనిషి మనసు ఒక్కసారికి ఏడు, అటూ ఇటూగా మరో రెండు విషయాలను పట్టి ఉంచగలదని రాశాడు. తర్వాత 2001లో నెల్సన్ కోవన్ ఆ లెక్కను దాదాపు నాలుగుకు తగ్గించాడు. ఉత్పలమాల అనే వృత్తంలో ఒక్క పాదానికే ఇరవై అక్షరాలు. అక్షరాలుగా పట్టుకోవాలంటే ఎవరివల్లా కాదు.

కిటుకు "విషయం" అన్న మాటలో ఉంది. ఎంత పెద్ద ముద్దను ఒక్క విషయంగా చూడగలం అన్నదే ప్రశ్న. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో విలియం చేజ్, ఆండర్స్ ఎరిక్సన్ ఒక విద్యార్థికి వరుసగా అంకెలు వినిపించి తిరిగి చెప్పమనేవారు. మొదట్లో అందరిలాగే ఏడు అంకెలు చెప్పేవాడు. రెండు వందల గంటలకు పైగా సాధన చేశాక సుమారు ఎనభై చెప్పగలిగాడు. అతను పరుగు పందేల కుర్రాడు. అంకెల్ని గుంపులు చేసి, పరుగు పందెంలో టైములుగా మార్చుకుని గుర్తుపెట్టుకున్నాడు. అదే కుర్రాడికి అంకెల బదులు అక్షరాలిస్తే మళ్లీ ఆరు దగ్గరే ఆగిపోయాడు. అంటే పెరిగింది బుర్రలో ఖాళీ జాగా కాదు, అతనికి బాగా తెలిసిన ఒక లోకం.

అవధానికి ఆ లోకం ఛందస్సు. ఉత్పలమాల గణాల భ-ర-న-భ-భ-ర-వ నడక చెవిలో కూర్చుని ఉంటే, పాదం ఇరవై అక్షరాల కుప్పగా కాక ఒక్క ఊపుగా వినిపిస్తుంది. పదో అక్షరం దగ్గర యతి ఒక మేకు. పాదం మొదట్లో రెండో అక్షరం ప్రాస, ఇంకో మేకు. ఒక మాట జారిపోయినా ఆ మేకుల మధ్య పట్టగలిగినవి రెండో మూడో మాటలే ఉంటాయి. అందుకే వచనాన్ని ధారణ చేయడం పద్యాన్ని ధారణ చేయడంకన్నా చాలా కష్టం.

ఇన్ని నియమాల మధ్య సృజన ఏముంటుంది? స్వేచ్ఛగా రాస్తేనే కదా కొత్తది వచ్చేది?

దీనికి కొంచెం ఎక్కువ చెప్పాలి.

నిషిద్ధాక్షరి తీసుకుందాం. నేను కల్పించిన ఉదాహరణే. సరస్వతి మీద కందం (ఓ చిన్న పద్య రకం) అడిగారు. అవధాని "శా" అన్నారు. పృచ్ఛకుడు వెంటనే "ర" వద్దన్నారు. "శారద" పోయింది. ఇప్పుడు "స్త్ర" అందామా? "శాస్త్రం" వస్తుంది. బాగానే ఉంటుంది. కానీ పద్యంలో రెండో అక్షరమే ప్రాస. "స్త్ర" అన్నారంటే మిగతా మూడు పాదాల్లోనూ రెండో అక్షరం స్త్రే కావాలి. వస్త్రం, శస్త్రం, అస్త్రం... వేళ్ల మీద లెక్కపెట్టే మాటలు, పైగా వాటిలో సగం యుద్ధానివి. సరస్వతి దగ్గర వాటితో ఏం చేస్తాం? "శ్వ" అంటే "శాశ్వత" వస్తుంది. ప్రాసకు విశ్వ, ఈశ్వర ఉన్నాయి. అమ్మవారి పద్యానికి సరిపోయే మాటలు. ఇదంతా రెండు మూడు క్షణాల్లో తేలాలి.

ఇక్కడ జరిగిందేమిటో చూడండి. "శారద" అనే మాట నాకూ వచ్చేది, మీకూ వచ్చేది, పక్కింటాయనకూ వచ్చేది. పృచ్ఛకుడు ఆ మాటను తీసేశారు. అరిగిపోయిన దారి మూసేశారు. అలవాటుగా వచ్చే మొదటి ఆలోచన పోయాక గానీ రెండో ఆలోచన, మూడో ఆలోచన బయటికి రావు. నా దగ్గర పిల్లలకు "నీ ఇష్టం, ఏదైనా రాయి" అంటే అందరూ ఒకే రకం పద్యం రాస్తారు: ఉదయం, సూర్యుడు, పక్షులు. "వర్షం మీద రాయి, కానీ నీరు, మేఘం, చినుకు అనకూడదు" అంటే ఒకమ్మాయి ఆరబెట్టిన అప్పడాల గురించి రాసింది. వర్షం అన్న మాటే లేకుండా వర్షమంతా ఉంది అందులో.

ఇంకో ఉదాహరణ. "కుంజర యూథంబు దోమ కుత్తుక జొచ్చెన్" అన్న సమస్య మీరు వినే ఉంటారు. ఏనుగుల మంద దోమ గొంతులో దూరిందట. తెనాలి రామకృష్ణుడి పేర చెప్పుకునే చాటువు (జనం నోట నిలిచిన విడి పద్యం). ఇది కంద పాదం, ప్రాస సున్నతో కూడిన జకారం. అంటే మిగతా పాదాలు కూడా రంజ, భంజ, సంజ లాంటి వాటితోనే మొదలవ్వాలి. ఆ కొద్ది మాటల్లోంచి "సంజయ" అన్న పేరు దొరికింది. సంజయుడంటే భారతం. భారతంలో ఏనుగుల్లాంటి వీరులు అల్పుడి కొలువులో ఒదిగి ఉండటం ఎక్కడుంది? విరాటుడి దగ్గర పాండవులు! అర్థం లేని పాదానికి అర్థం దొరికింది. కవికి ముందే ఆలోచన వచ్చి, తర్వాత దాన్ని ప్రాసకు సర్దలేదనే నా నమ్మకం. ప్రాసే ఆయన్ను ఆలోచన దగ్గరికి తీసుకువెళ్లింది.

అందరిదీ అదే ఛందస్సు, అదే సమస్య. మరి కవి వ్యక్తిత్వం ఎక్కడ కనిపిస్తుంది?

అదే కథ కొనసాగిద్దాం. చాటువు ప్రకారం ఆ సమస్యను రామకృష్ణుడికి రెండుసార్లు ఇచ్చారు. అవమానించాలని ఒకరు ఇచ్చినప్పుడు "గంజాయి" అనే మాటతో మొదలుపెట్టి అడిగినవాణ్ణే తిట్టాడు. రాజు అడిగినప్పుడు సంజయుడు వచ్చాడు. గంజాయి, సంజయ రెండూ అదే ప్రాస, ఒకే తలుపు వెనక ఉన్న మాటలు. తలుపు తీసినవాడి మనసు ఎటుంటే ఆ మాట చేతికొచ్చింది.

వ్యక్తిత్వం అంటే ఎవరికీ లేనిది మన దగ్గర ఉండటం అని చాలామంది అనుకుంటారు. అందరి దగ్గరా ఉన్నవాటిలోంచి మన చెయ్యి దేని మీదికి పోతుందో అదే వ్యక్తిత్వం అనిపిస్తుంది నాకు. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారి శిష్యుల్ని చూడండి. విశ్వనాథ సత్యనారాయణ, వేటూరి ప్రభాకరశాస్త్రి, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు. ఒకే గురువు, అవే కావ్యాలు, అవే వృత్తాలు. విశ్వనాథ పద్యాన్ని కాటూరి పద్యమని ఎవరూ పొరపడరు.

అవధానంలో ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది, ఎందుకంటే దాచుకోవడానికి టైం ఉండదు. నిదానంగా రాసేటప్పుడు ఇంకొకరిలా రాయొచ్చు. రెండు నిమిషాల్లో పాదం చెప్పాలంటే మన లోపల ఏది ఎక్కువుందో అదే వస్తుంది. కొందరు ఏ సమస్య ఇచ్చినా భారతంలోకి వెళ్తారు, కొందరు వంటింట్లోకి. కొందరికి సంస్కృత సమాసం ముందు తడుతుంది, కొందరికి అచ్చతెలుగు.

తిరుపతి వేంకట కవులు ఇద్దరు కదా, ఒక్క పేరుతో ఎలా రాశారు?

దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950). చర్ల బ్రహ్మయ్యశాస్త్రి గారి దగ్గర కలిసి చదువుకున్నారు, కలిసి ఊరూరా అవధానాలు చేశారు. అవధానం ఇవాళ మనకింత దగ్గరగా ఉందంటే వాళ్ల చలవే చాలావరకు. తిరుపతిశాస్త్రి పోయాక ముప్ఫై ఏళ్లు బతికిన వేంకటశాస్త్రి, తన రచనలకు జంట పేరే పెట్టుకున్నారు.

ఇది నన్ను చాలా కదిలించే విషయం. సృజన ఒక్కడి సొత్తు అన్న మాటను ఆయన ఒప్పుకోలేదు. తన లోపల పద్యం కడుతున్న గొంతుల్లో ఒకటి స్నేహితుడిదని ఆయనకు తెలుసు. నిజానికి మనందరి తలలోనూ అంతే. అమ్మ సామెతలు, మేష్టారి విరుపులు, చిన్నప్పుడు విన్న హరికథ అన్నీ అక్కడే ఉంటాయి. ఆయన ఆ అప్పును పేరులో రాసి చూపించారు.

పద్యాలు అప్పటికప్పుడే పుడతాయా, ముందే తయారుగా ఉంచుకుంటారా?

రెండూ. వర్ణనల్లో వసంతం, చంద్రోదయం, దేవీస్తుతి లాంటివి మళ్లీ మళ్లీ వస్తాయి. వాటికి పనికొచ్చే సమాసాలు, గణాలకు సరిపోయే తునకలు ప్రతి అవధాని దగ్గరా ఉంటాయి. ఇందులో మోసం లేదు. సంగీత విద్వాంసుడికి సంగతులున్నట్టే ఇది. కానీ దత్తపదిలో ఈ నిల్వ సాయపడదు. భారతార్థంలో (భారత కథకు పొసిగేలా) "కారు, లారీ, టీ" పెట్టమన్నారనుకోండి, "కారుణ్యం"లో కారు, "లీలారీతి"లో లారీ, "కిరీటీ" అన్న పిలుపులో టీ దొరకాలి. వినగానే తెలిసిన మాటను ముక్కలు చేసి, ఆ ముక్కలు ఇంకే మాటల్లో ఉన్నాయో వెతకాలి. నాకు అన్నింటికన్నా ఇష్టమైన అంశం ఇదే. రోజూ వాడే మాటల లోపల ఇంకో మాట నక్కి ఉందని పిల్లలకు తెలిసిన క్షణంలో వాళ్ల కళ్లు చూడాలి!

ఆ సమయంలో మెదడులో ఏం జరుగుతుంది?

దగ్గరి పోలిక జాజ్ సంగీతంలో ఉంది. 2008లో చార్లెస్ లింబ్, అలెన్ బ్రౌన్ అనే పరిశోధకులు ఆరుగురు జాజ్ పియానో కళాకారుల్ని ఎంఆర్ఐ యంత్రంలో ఉంచి, ఒకసారి నేర్చుకున్న సంగీతాన్ని, ఒకసారి అప్పటికప్పుడు కల్పించిన సంగీతాన్ని వాయించమన్నారు. కల్పిస్తున్నప్పుడు, మనల్ని మనం కనిపెట్టి సరిదిద్దుకునే పనితో ముడిపడిన ముందుమెదడు పక్కభాగాలు నెమ్మదించాయి. సొంత అనుభవంతో ముడిపడిన మధ్యభాగం చురుకైంది. ఆరుగురే కాబట్టి దీని మీద మేడలు కట్టకూడదు. పైగా అవధానికి యతిప్రాసలు సరిచూసుకునే పని కూడా ఉంది.

అయినా అవధానులు చెప్పే "ధార" అన్న మాట దీనికి సరిగ్గా సరిపోతుంది. ఛందస్సు కొత్తగా నేర్చుకున్నవాడు గురువు (సాగదీసి పలికే అక్షరం), లఘువు (పొట్టిగా పలికేది) లెక్కపెడుతూ రాస్తాడు. లెక్క నడుస్తున్నంతసేపూ ధార రాదు. ఏళ్ల సాధనతో ఆ లెక్క చెవికి అప్పజెబితేనే మనసుకు తీరిక దొరుకుతుంది. నియమం చెవిలోకి దిగాక కాపలా అక్కర్లేదు.

అప్రస్తుత ప్రసంగం ఎందుకు? పాపం, ఆయన్ని ఎందుకు విసిగించడం?

పని మధ్య "మీ ఆవిడ వంట బాగా చేస్తుందా?" లాంటి ప్రశ్నలు ఏకాగ్రతను చెడగొట్టడానికే అన్నది నిజమే. కానీ ఇంకోటి కూడా జరుగుతుంది. కుదరని పాదాన్ని పట్టుకుని వేలాడుతున్నప్పుడు మనసు ఒకే గోడకు పదేపదే గుద్దుకుంటుంది. ఓ నవ్వు నవ్వి తిరిగి వస్తే తలుపు పక్కనే కనిపిస్తుంది. ఆంగ్లేయ రచయిత గ్రాహం వాలస్ 1926లోనే సృజనకు నాలుగు దశలు చెప్పాడు. రెండోది, విషయాన్ని పక్కన పెట్టి పొదగనివ్వడం. స్నానాల గదిలో ఆలోచన వెలగడం మనందరికీ తెలిసిందే.

అవధాన పద్యాలు గొప్ప కవిత్వమేనా?

చాలావరకు కావు. పుస్తకంగా అచ్చేస్తే వాటిలో ఎక్కువ భాగం చప్పగా ఉంటాయి, ఈ మాట అవధానులే ఒప్పుకుంటారు. వందలో ఒకటి రెండు నిలుస్తాయి. పాట కచేరీని కాగితం మీద చదివితే ఎలా ఉంటుంది? అక్కడ చూడాల్సింది మనసు పనిచేస్తున్న తీరు. మామూలుగా కవి గదిలో ఒంటరిగా, కొట్టివేతల మధ్య చేసే పనిని ఇక్కడ వెలుగులో, మన కళ్ల ముందు చేస్తారు. ఈ భాగ్యం తెలుగువాళ్లకు దక్కింది. కన్నడంలో కూడా శతావధాని గణేశ్ గారి వంటివారి వల్ల ఇది సాగుతోంది.

ఇప్పుడు కంప్యూటరే పద్యం రాస్తోంది. ఇంకా ఈ కష్టం ఎందుకు?

గణాలు, యతులు సరిచూసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. పిల్లలకు వాడమనే చెబుతాను, తప్పు ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది. కానీ ఈత పోటీకి వెళ్లి, పడవ ఇంతకన్నా వేగంగా పోతుందని ఎవరూ అనరు. ఒక మనిషి తను చదివినవి, విన్నవి, మర్చిపోయాననుకున్నవి రెండు నిమిషాల్లో తవ్వి తీసుకోవడం చూడటానికే వెళ్తాం.

ఆడవాళ్లు చేస్తారా? విదేశాల్లో పెరిగిన పిల్లలకు వస్తుందా?

చేస్తారు. బులుసు అపర్ణ గారు శతావధానాలు చేశారు. అమెరికాలో పుట్టి పెరిగిన తెలుగు యువకులు కూడా అవధాన వేదికలెక్కారు.

మధ్యలో మర్చిపోతే ఏం చేస్తారు?

ఆగుతారు. కళ్లు మూసుకుని మొదటి పాదం నుంచి మళ్లీ వస్తారు, చాలాసార్లు జారిన మాట దారిలోనే దొరుకుతుంది. అప్పటికీ రాకపోతే అక్కడికక్కడే అదే గణాల్లో ఇంకో మాట వేసేవాళ్లనూ చూశాను. టెన్షన్ పడితే మాత్రం పక్క పాదాలు కూడా జారతాయి. ఒకసారి ఒక యువ అవధాని ధారణలో ఆగిపోయినప్పుడు సభ మొత్తం ఊపిరి బిగబట్టింది. ఒక్కరూ దగ్గలేదు. ఆ నిశ్శబ్దం కూడా ఆయనకు సాయం చేసిందని నా నమ్మకం.

మా అబ్బాయికి జ్ఞాపకశక్తి తక్కువ. ఎక్కడ మొదలుపెట్టాలి?

జ్ఞాపకశక్తి దగ్గర మొదలుపెట్టకండి, చెవి దగ్గర మొదలుపెట్టండి. రోజూ రాత్రి ఒక్క పద్యం గట్టిగా, రాగం తీయకపోయినా నడక తెలిసేలా చదివించండి. అర్థం తర్వాత చెప్పొచ్చు. రెండు మూడు నెలలకు పాదం ఎక్కడ విరగాలో వాడికే తెలుస్తుంది, తప్పు గణం పడితే మొహం చిట్లిస్తాడు. అప్పుడు ఆటవెలది ఇవ్వండి, వృత్తాలకన్నా సులువు. మూడు పాదాలు మీరు చెప్పి నాలుగోది వాడిని కట్టమనండి. మొదట్లో కట్టినవన్నీ అన్నం మీద, క్రికెట్ మీద ఉంటాయి. ఉండనివ్వండి. వాటిని దిద్దాలనిపించినా ఓ వారం ఆగండి, ఈలోపు వాడే వచ్చి "నాన్నా, ఆ మాట బాలేదు, మార్చేశా" అంటాడు.